నాణెముపై వన్నె

శ్రావణమాసము వచ్చినదనగా మన యిండ్లలో పాత పెట్టెలు తెఱచుదురు. వరలక్ష్మీవ్రతమునాడు కలశముచెంత నుంచుటకో, పళ్లెరములోని బియ్యముపై పేర్చుటకో, అత్తగారి కాలమునాటి వెండి రూపాయలు వెలికివచ్చును. ఏడాదిపొడుగున చీకటిలో నుండుటచే నవి నలుపెక్కి యుండును. చింతపండు, నిమ్మచెక్క, విభూతి, కుంకుడురసము, వీనిలో నేదో యొకటి పట్టి తోమి తళతళలాడించిననే గాని యిల్లాలికి తృప్తి కలుగదు. దేవతయెదుట మైలగల వస్తువు నుంచరాదను భావము మంచిదే. కాని యా నలుపు నిజముగా మైలయేనా యని మన మెన్నడైన విచారించితిమా? ఈ వ్యాసమున నా విచారణము కొంత చేయ నెంచితిని.

మూసాపేటలో మేము కాపురముండు వీథిలో నొక వృద్ధురాలు కలదు. బొంబాయి బాట కిరుప్రక్కల పొలములున్న దినములలో నామె యా యూరికి కోడలుగా వచ్చినది. నేడా బాటమీదుగా మెట్రో రైలు పోవుచున్నది. పడమటిదిక్కున హైటెక్ సిటీ మేడలు కనబడుచున్నవి. కాపురమునకు వచ్చిననాడు అత్తగా రామె చేతిలో చార్మినారు బొమ్మగల హాలీ రూపాయ లయిదు పెట్టినదట. మొన్నటి శ్రావణమున నామె నన్ను పిలిచి వానిని చూపినది. నాలుగు రూపాయలు క్రొత్త గిన్నెవలె మెఱయుచుండెను. అయిదవది పాత నూలుగుడ్డ ముడిలో మఱుగుపడి తోముటకు దొరకలేదట. దాని యంచున నీలము, లోపల గులాబివన్నె, నడుమ లేతబంగారపు చాయ, ఒకదానిలో నొకటి కరగినట్లుండెను. "ఇదొక్కటి తోమలేదు బిడ్డా, ఏమనుకోకు" అని యామె నొచ్చుకొన్నది.

ఆమె మనుమడు తోమిన నాలుగింటిని నగరములోని యొక యంగడికి గొనిపోయి వెల యడుగగా, వెండి తూకమునకు మించి యొక కాసైన నీయరని తెలిసినది. అదే యంగడిలో గాజుపెట్టెయందు రంగురంగుల వెండి రూపాయలు కొన్ని యుండెనట. వాని వెల యెన్నో రెట్లు. "ఇవి తోమనివా?" అని పిల్లవా డడుగగా నా వర్తకుడు నవ్వి, "కావలసిన రంగు తెప్పించుట యెంతసేపు?" అనెనట. నలుపును పోగొట్టిన యమాయకత్వ మొకవంకను, లేని వన్నెను పుట్టించిన నేర్పు మఱియొకవంకను నాకీ కథలో గోచరించినవి. ఈ రెంటివలనను నష్టపోవున దొక్కటియే. అది నాణెము చెప్పు సాక్ష్యము.

ఆ రూపాయ పుట్టుకను మొదట తెలిసికొందము. నైజాము రాజ్యమున చెల్లుబడియైన నాణెమునకు హాలీ సిక్కా యని పేరు. 'హాలీ' యనగా ప్రస్తుతము నడచునదని యర్థము. 1903లో టంకశాల సైఫాబాదునకు మారినది. ఇరువదవ శతాబ్దారంభమునుండి యంత్రముపై ముద్రింపబడిన రూపాయలపై చార్మినారు బొమ్మ నిలిచినది. ఆ బొమ్మలోని నడిమి కమానునందు ప్రభువు పేరులోని మొదటి యక్షర ముండును: మహబూబ్ అలీఖాను కాలమున 'మీమ్', 1911 తరువాత ఉస్మాన్ అలీఖాను కాలమున 'ఐన్'. ఈ చిన్న యక్షరమును చూచియే యే ప్రభువు నాణెమో చెప్పవచ్చును. బూడిదతో పదేండ్లు తోమిన రూపాయపై మొట్టమొదట నరిగిపోవునవి యిట్టి సన్నని గీతలే.

హాలీ రూపాయ తూకము 11.18 గ్రాములు, అందు నూటికి దాదాపు 82 పాళ్లు వెండి. బ్రిటిషు ఇండియా రూపాయ 11.66 గ్రాములు, అందు వెండి నూటికి దాదాపు 92 పాళ్లు. కావుననే నూఱు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ యను మారకపు లెక్క మన పెద్దల నోట నుండెడిది. 1940లో బ్రిటిషువారు తమ రూపాయలో వెండిని సగమునకు తగ్గించిరి. 1947లో వెండిని పూర్తిగా తీసి నికెలుతో ముద్రించిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున చేరినది. 1950లో టంకశాల కేంద్రప్రభుత్వము వశమైనది. ఆ దశాబ్దము ముగియులోపల హాలీ సిక్కా చెలామణినుండి తొలగినది. 1997లో చర్లపల్లియందు క్రొత్త టంకశాల పని ప్రారంభించినది. సైఫాబాదులోని పాతకట్టడమున 2022లో నాణెముల ప్రదర్శనశాల తెఱువబడినది. ఇంతటి చరిత్ర కలిగిన వస్తువు మన పూజాపళ్లెరములో నుండగా దానిని గిన్నెలతోబాటు తోముచున్నాము.

ఇక వన్నె సంగతి. ఇనుము తుప్పుపట్టినట్లు వెండి కేవలము గాలిలోని ప్రాణవాయువుచే చెడదు. దానికి శత్రువు గంధకము. మురుగుకాలువలు, బొగ్గుపొగ, కోడిగ్రుడ్డు, ఉల్లి, ఉన్ని, రబ్బరు మొదలగువానినుండి గంధకముతో కూడిన వాయువులు వెలువడును. అవి వెండిని తాకి గంధకపు వెండియను సన్నని పొరను కట్టును. కూకట్‌పల్లి నాలా వంటి మురుగుకాలువలు హుస్సేన్‌సాగరునకు పోవుదారిలో కాపురమున్న యిండ్లలోని వెండిసామాను త్వరగా నల్లబడుటకు కారణమిదియే. గృహిణి శుభ్రత లోపించుట కాదు.

మొదట నీ పొర మిక్కిలి పలుచన. వెండ్రుక మందములో వేయవవంతునకును రాదు. సబ్బుబుడగపై, నీటిమీది నూనెచుక్కపై రంగు లెట్లు పుట్టునో దీనిపైనను నట్లే పుట్టును. వెలుతురులో కొంత పొరపైనుండి మరలును. కొంత లోని వెండినుండి మరలును. ఈ రెండు కిరణములు కలిసికొన్నపుడు కొన్ని రంగు లడగి కొన్ని పైకి తేలును. పొర మందము పెరిగినకొలది రంగు మాఱును. ఆ మార్పున కొక క్రమము కలదు: మొదట లేతపసుపు, తరువాత ముదురుబంగారము, పిదప కెంపు, ఊదా, నీలము, అటుపిమ్మట పసుపు, గులాబి, ఆకుపచ్చ రెండవమారు వచ్చును, తుదకు నలుపు. రంగునకు వేఱుగ వర్ణద్రవ్య మేదియు లేదు. మందమే రంగు. ఈ క్రమమును బాగుగ జ్ఞాపకముంచుకొందము. మోసమును పట్టుటకు నిదియే మొదటి కొలబద్ద.

వృద్ధురాలి యైదవ రూపాయ కథ యిప్పుడు తేటపడును. గుడ్డముడిలోనికి గాలి యంచులనుండి మెల్లగా చొరబడినది. కావున నంచున పొర మందము హెచ్చి నీలమైనది. నడుమ తక్కువై బంగారపుచాయయే నిలిచినది. ఆ వన్నె యెవ్వరును చిత్రించినది కాదు. ఆ యింటి గాలి, ఆ నూలుగుడ్డ, అన్ని సంవత్సరముల చీకటి, ఇవి మూడును చేరి చేసిన లెక్క యది.

తోముటవలన నేమగునో యిపుడు చూడుడు. గంధకపు పొరలోని వెండి బయటనుండి వచ్చినది కాదు. నాణెపు వెండియే యట్లు మాఱినది. కావున నల్లపొరను గీచివేసినపు డెల్ల నాణెము పైపొర కొంత పోవుచునేయుండును. చింతపండు పులుపు వెండితో కలిసిన రాగిని కరగించును. విభూతి, బూడిద కంటికి కనబడని గీతలు గీయును. టంకశాల యచ్చు పడినపుడు లోహము జాఱిన జాడలు నాణెముపై సన్నని రేఖలుగా నుండి వెలుతురును త్రిప్పుచుండును. క్రొత్త నాణెము జీవకళకు మూలమవే. అవి పోయినపిమ్మట మిగులునది గిన్నె మెఱుపు మాత్రమే.

ఈ సంగతి వెండికి మాత్రమే చెందినది కాదు; మన తెలుగుదేశపు ప్రాచీనచరిత్రమున కంతకును ముఖ్యమైనది. శాతవాహనులు వెండికంటె సీసము, పోటిను, రాగి నాణెములను విస్తారముగా ముద్రించిరి. హైటెక్ సిటీ ప్రక్కనున్న కొండాపురము పేరు నేటివారందఱు నెఱుగుదురు. అదే పేరుగల మఱియొక కొండాపురము సంగారెడ్డి జిల్లాలో కలదు. అచ్చట గులాం యజ్దానీగారి యాధ్వర్యమున 1940 మొదలు త్రవ్వకములు జరుగగా వేలకొలది శాతవాహన నాణెములును, నాణెములను చేయు పరికరములును దొరకినవి. పెద్దబంకూరున నొక కుండలోనే యిరువది వేలకు మించిన నాణెములు బయటపడినవి. కోటిలింగాలలో దొరకిన నాణెములను పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు పరిశీలించి, శాతవాహనులకు ముందున్న గోబద, నారన, సమగోప మొదలగు పాలకుల పేళ్లను, శాతవాహన వంశకర్తయగు చిముకుని పేరును చదివిరి. కోటిలింగాల నాణెములే లేకున్న నీ గోబదాదుల పేళ్లు మనకు దక్కియుండవు.

మట్టిలో రెండువేల యేండ్లున్న రాగినాణెముపై మొదట ఎఱ్ఱని పొర, దానిపై పచ్చని చిలుము కట్టును. గట్టిగా నున్న పచ్చపొర నాణెమునకు కవచమువంటిది. కాని మట్టిలోని యుప్పువలన లోపల చేరిన పదార్థము తేమ తగిలినపుడు పొడిపొడిగా లేతపచ్చని బూజువలె పైకి వచ్చి నాణెమును తినివేయును. మొదటిది వన్నె, రెండవది వ్యాధి. రెంటిని నొక్కటే యనుకొనువాడు కవచమును గీచివేసి వ్యాధిని విడిచిపెట్టును. సీసపు నాణెముల స్థితి యింకను సున్నితమైనది. కొన్ని కొయ్యలనుండి, అట్టపెట్టెలనుండి వెలువడు పులుపు ఆవిరి సీసమును తెల్లని పొడిగా మార్చును. పూర్వము పులిసిన కాడి యావిరిని సీసముపై పట్టించి తెల్లరంగు తయారుచేయుటకు నిదే మార్గము. రెండువేల యేండ్లు భూమి కాపాడిన వస్తువును అందమైన కొయ్యబీరువా కొన్నియేండ్లలో పొడిచేయగలదు.

నాణెపు పైపొర యెంతటి సాక్షియో యొక్క దృష్టాంతముతో చూపుదును. 1906లో నాసికు ప్రాంతమున జోగల్తంబిలో 13,000లకు పైగా వెండి నాణెములు దొరకినవి. అవి క్షహరాత ప్రభువగు నహపానునివి. వానిలో మూడింట రెండువంతులకు మించినవానిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మఱల వేయించెను. క్రొత్త ముద్రక్రింద పాతముద్ర జాడ కనబడుటచే ఎవరి నెవరు గెలిచిరో నాణెమే చెప్పినది. ఆ జాడ యొక వెండ్రుకవాసి యెత్తు మాత్రమే. దొరకినవాడు వానిని మెఱుగుపెట్టియుండినచో దక్షిణాపథ చరిత్రమున నొక పుట చెఱిగిపోయెడిది.

ఇక కృత్రిమపు వన్నె. ప్రాతదనమును నటించు విద్య క్రొత్తది కాదు. పదునాఱవ శతాబ్దమున పడువా నగరపు శిల్పి జొవాన్నీ కవీనో రోముచక్రవర్తుల నాణెముల ననుకరించి మిక్కిలి యందముగా చేసెను. జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకరు (1772–1830) గ్రీకు, రోమక నాణెములకు దొంగయచ్చులు చెక్కెను. క్రొత్తగా చేసిన నాణెములను ఇనుపరజనుతో పెట్టెలోనుంచి, తన బండి యిరుసునకు కట్టి త్రిప్పి, వానికి ప్రాతదనము కలిగించెడివాడని ప్రతీతి. "నా ముసలివాండ్రను షికారు త్రిప్పుచున్నాను" అని యాతడు హాస్యమాడెడివాడని చెప్పుదురు. ఆతని యచ్చులు బెర్లినులోని ప్రదర్శనశాలలో నేటికిని నున్నవి.

రంగుల వెండికి ప్రత్యేకమైన వెల మాత్రము ఇటీవలిది. అమెరికాలో 1878 మొదలు ముద్రించిన మోర్గన్ డాలర్లు లక్షలకొలది గుడ్డసంచులలో ప్రభుత్వపు ఖజానాలందు దశాబ్దములు పడియుండెను. సంచి గుడ్డకు తగిలియున్న డాలర్లపై గుడ్డలోని గంధకమువలన ఇంద్రధనుస్సు రంగులు తేలినవి. 1960 దశకపు తొలియేండ్లలో నా సంచులు జనుల చేతికి వచ్చినవి. మొదట వానిని మచ్చపడినవని తోమినవారే యనేకులు. తరువాతి తరమువారు ఆ రంగులను మెచ్చి హెచ్చు వెల పెట్టసాగిరి. వెల పెరిగినవెంటనే నకలు పుట్టినది: గంధకపు మందులు, పొగ, పొయ్యివేడి, బట్టలు తెలుపుచేయు ద్రవములు వాడి దశాబ్దముల పని దినములలో చేయసాగిరి. 1986, 1987లలో నచ్చట వెలసిన నాణెపరీక్షా సంస్థలు రంగు సందేహాస్పదమని తోచిన నాణెములకు శ్రేణి నిర్ణయింప నిరాకరించు నియమము నేర్పఱచుకొన్నవి. కాలక్రమమున నీ వ్యాపారము మన యంగళ్లకును పాకినది. తోమి చెడగొట్టిన నాణెపు గీతలను కప్పుటకు రంగు పట్టించుట దీనిలో మఱియొక యుపాయము. అనగా మన యింటి చింతపండే యంగడివాని మందునకు పని కల్పించుచున్నది.

సహజమును కృత్రిమమును గుర్తించుట యెట్లు? మొదటిది రంగుల క్రమము. పసుపు ప్రక్కన కెంపు లేక యొక్కమారుగ ముదురునీలము నిలిచినచో సందేహింపవలెను. రెండవది హద్దు. సహజపు వన్నె యొక రంగునుండి మఱియొకదానిలోనికి మెల్లగా నొదుగును. మందు పట్టించినది తెగినట్లో, చినుకులు పడినట్లో యుండును. మూడవది ఎత్తుపల్లములు. గుడ్డకో కాగితమునకో తగిలి వన్నెపాఱిన నాణెమున, ఉబికిన యక్షరముల ప్రక్కన గుడ్డ తాకని చోట తెల్లని సన్నని నీడ మిగులును. ద్రవములో ముంచినదానికి పల్లములలోనే రంగు గూడుకట్టును. నాల్గవది పొరక్రింది మెఱుపు. నాణెమును దీపముక్రింద వంచి త్రిప్పినపుడు సహజమైన వన్నెక్రింద టంకశాల కాంతి కదలుచుండవలెను. రంగుక్రింద గీతలు కనబడినచో మొదట తోమి తరువాత రంగువేసిరని తెలియును.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. రెండు విధములందును వెండి గంధకములే కదా కలియుచున్నవి. రసాయనము నొక్కటియైనపుడు భేదమేమి? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. నేర్పరి నెమ్మదిగా చేసిన పనిని పరీక్షకులు సైతము నిశ్చయముగా చెప్పలేక తమలో తాము విభేదించుట కలదు. ఉద్దేశపూర్వకముగ నొక రూపాయను పాత కాగితములో చుట్టి పదేండ్లుంచినవాని వన్నె సహజమా, కృత్రిమమా యని వాదములును జరుగుచున్నవి. నా మతమున భేదము రసాయనమున లేదు, మాటలో నున్నది. వన్నె యనగా "ఈ వస్తువు ఇంతకాల మిట్లు గడపినది" అని చెప్పు వాంగ్మూలము. దానిని కొనువానికి తెలుపక కల్పించినవాడు కూటసాక్ష్యము పుట్టించినవాడు. "ఈ రంగు నేను వేసితిని" అని చెప్పి యమ్మువాడు కేవలము చిత్రకారుడు. వానితో మనకు తగవులేదు.

నాణెమును నెన్నడును శుద్ధి చేయరాదని నా తాత్పర్యము కాదు. మట్టిగడ్డగా నంటుకొన్న నాణెములను విడదీసి శుద్ధిచేయనిదే వానిపై పేళ్లు చదువుట కుదరదు. వ్యాధి పట్టిన రాగికి చికిత్స యవసరము. కాని ప్రయోగశాలలో పనిచేయువాడు ముందుగా బొమ్మ తీసి, తూకము వ్రాసి, అక్షరము కనబడునంతవఱకు మాత్రమే పొరను తొలగించి యాగును. వాని గుఱి చదువుట. మన గుఱి మెఱయుట. ఈ రెండింటి మధ్య నున్న దూరమే విద్యకును ఆడంబరమునకును నున్న దూరము.

గృహస్థులు పాటింపదగిన పద్ధతులు కొన్ని కలవు. పాత నాణెమును అంచులు పట్టి యెత్తవలెను. వ్రేలి చెమట ముద్ర లోహముపై నిలిచిపోవును. రుద్దరాదు. మన్ను అంటియున్నచో బట్టియుదకమున ముంచి తీసి మెత్తని గుడ్డపై నారనీయవలెను. మెత్తని ప్లాస్టికు సంచులలో కొన్ని కాలక్రమమున జిగటయైన పచ్చని ద్రవమును విడుచును, వానిలో నుంచరాదు. రబ్బరు పట్టీలు, వార్తాపత్రికలు, ఉన్నిగుడ్డలు దగ్గర చేర్పరాదు. పొలములోనో పునాదిలోనో నాణెముల కుండ దొరకినచో, 1878నాటి నిధుల చట్టము ననుసరించి జిల్లా కలెక్టరునకు తెలుపవలెను. ఆ కుండను, మట్టిని, నాణెములున్న వరుసను కదపకుండుట శాసనమునకంటె చరిత్రమునకు మేలు. నూఱేండ్లు నిండిన నాణెము 1972నాటి చట్టమున పురావస్తువు. దానిని స్వేచ్ఛగా దేశము దాటింపరాదు. మహబూబ్ అలీఖాను చార్మినారు రూపాయ లన్నియు నిప్పు డీ వయస్సు దాటినవే.

ఈ విషయము లన్నియు నొక సాయంకాల మా వృద్ధురాలికి నాకు చేతనైనట్లు చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. తోమిన నాలుగింటిని చేతిలోనికి తీసికొని, "అయితే మా అత్త గుర్తు నేనే తుడిచేసిన్నా బిడ్డా?" అని యడిగినది. ఆ ప్రశ్నకు నేను సమాధానము చెప్పలేకపోతిని. తుదకు, తెలియక చేసినదానికి దోషము లేదనియు, ఆ నాలుగును నిక నేండ్లు గడచినకొలది తమంతట తామే మఱల వన్నెపాఱుననియు మాత్రము చెప్పితిని. అది నిజమే. లోహము కాలమును మఱల మొదటినుండి వ్రాసికొనగలదు; చెఱిగిన పుట మాత్రము మఱల రాదు.

ఆమె యైదవ రూపాయను ఉతికి యారవేసిన నూలుగుడ్డలో చుట్టి, తోమిన నాలుగింటిని వేఱొక గుడ్డలో మూటకట్టి, మనుమని పిలిచి రెండింటిని పెట్టెలో నుంచుమన్నది. వచ్చు శ్రావణమున నయిదింటిని నున్నవి యున్నట్లే పళ్లెరములో నుంచునట. చింతపండు పులుసునకు సరిపోవుననినది.